రెండవ దిక్కు

క్రొమటోగ్రఫీ అన్న మాటకు మన పాఠ్యపుస్తకాలు "వర్ణలేఖనం" అని చక్కని సమాసం కట్టాయి. గ్రీకు భాషలో క్రోమా అంటే రంగు, గ్రాఫైన్ అంటే వ్రాయడం. మాటకు మాట సరిపోయింది. అయితే ఇందులో రెండు చమత్కారాలున్నాయి. ఈ పద్ధతిని కనిపెట్టి దానికి పేరు పెట్టిన వ్యక్తి ఇంటిపేరు త్స్వెత్. రష్యన్ భాషలో ఆ మాటకు అర్థం కూడా రంగే. కనుక వర్ణలేఖనం అంటే "త్స్వెత్ వ్రాత" అని కూడా చదువుకోవచ్చు. రెండవ చమత్కారం, ఈనాడు ఈ పద్ధతితో విడదీసే పదార్థాలలో అత్యధిక భాగానికి రంగే లేదు. పేరు మిగిలింది, రంగు వెళ్ళిపోయింది.

ఇక్కడ చెప్పదలచుకున్నది ఈ విద్య చరిత్ర మొత్తం కాదు. ఒక మిశ్రమాన్ని ఒక దిక్కున నడిపించి ఊరుకోక, మళ్ళీ మరొక దిక్కుకు తిప్పి నడిపించాలన్న ఆలోచన ఎట్లా పుట్టింది, ఏమి చూపించింది, ఎక్కడ అడ్డం తిరిగింది అన్నంత వరకే. ఆ కథలో రెండు పాత్రలు మొదటి నుండి చివరి వరకు ఉంటాయి: ద్రావణి ఒకటి, ఉష్ణోగ్రత మరొకటి.

ఆకు వదలని రంగు

మిఖాయిల్ త్స్వెత్ 1872లో ఇటలీలోని అస్తి పట్టణంలో పుట్టాడు. తండ్రి రష్యన్. చదువు స్విట్జర్లాండులో సాగింది. 1896లో జెనీవాలో డాక్టరేటు వచ్చింది. రష్యాకు వెళితే ఆ పట్టా అక్కడ చెల్లలేదు. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ సిద్ధాంత వ్యాసం. చివరకు అప్పటికి రష్యా ఏలుబడిలో ఉన్న వార్సా నగరంలో స్థిరపడ్డాడు. వృత్తి రీత్యా రసాయనవేత్త కాడు, వృక్షశాస్త్రజ్ఞుడు.

ఆయనను పట్టుకున్న సమస్య చూడడానికి చిన్నది. ఆకులోని పత్రహరితాన్ని వేరుచేసి పెట్రోలియం ఈథరులో వేస్తే సులభంగా కరుగుతుంది. అదే పెట్రోలియం ఈథరును ఆకు మీద పోస్తే పత్రహరితం బయటకు రాదు. కొద్దిగా ఆల్కహాలు కలిపితే చాలు, వెంటనే వస్తుంది. కరిగే పదార్థమే కదా, మరి ఎందుకు రాదు? ఆకు కణజాలం దానిని పట్టుకొని ఉన్నది కనుక, అన్నాడు త్స్వెత్. అది కరగడానికి సంబంధించిన విషయం కాదు, అంటిపెట్టుకొని ఉండడానికి సంబంధించినది. ఆల్కహాలు ఆ పట్టును సడలిస్తుంది. శాస్త్ర పరిభాషలో దీనినే అధిశోషణం అంటాము.

ఆకు పట్టుకోగలిగితే మరొక పొడి మాత్రం ఎందుకు పట్టుకోదు? నూరుకు పైగా పొడులను పరీక్షించాడు. సన్నని గాజు గొట్టంలో సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేటు, దట్టించి పైనుండి ఆకు రసం పోసి, ఆ తరువాత శుద్ధ ద్రావణిని పోస్తూ పోయాడు. ఆకుపచ్చగా ఒకే ముద్దగా దిగిన రసం పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. 1903 మార్చి 21న వార్సా ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘంలో ఈ సంగతి చెప్పాడు. 1906లో జర్మన్ పత్రికలో ప్రచురించిన వ్యాసాలలో దానికి నామకరణం చేశాడు.

గమనించవలసినది ఏమంటే, ఈ విద్యకు బీజం ఒక ద్రావణి విడిపించలేనిదాన్ని మరొక ద్రావణి విడిపించగలదన్న పరిశీలనలోనే ఉంది. ద్రావణి కేవలం మోసుకుపోయే వాహనం కాదు. పట్టుకొనే పొడికీ విడిపోయే పదార్థానికీ మధ్య తగవు తీర్చే మూడవ మనిషి.

ఆనాటి పెద్దలకు ఇది నచ్చలేదు. సుద్దపొడి మీద నడవడం వల్లనే రంగులు చెడిపోయి కొత్త రంగులు పుడుతున్నాయేమో అని అనుమానించారు. 1910లో త్స్వెత్ వ్రాసిన పెద్ద గ్రంథం రష్యన్ భాషలో ఉండడంతో పశ్చిమాన చదివినవారు తక్కువ. యుద్ధం వచ్చి వార్సా విడవవలసి వచ్చింది. 1919లో వొరొనెజ్ నగరంలో 47వ ఏట మరణించాడు. 1931లో హైడెల్‌బర్గులో రిచర్డ్ కూన్, ఎడ్గర్ లెడరర్ ఆ పద్ధతిని మళ్ళీ చేపట్టి కెరొటినాయిడ్లను విడదీసేదాకా అది దాదాపు మరుగునే ఉండిపోయింది.

తిరునాళ్ళలో రెండు వీధులు

పద్ధతి తెలియనివారి కోసం ఒక పోలిక. తిరునాళ్ళలో ఒక పొడవాటి వీధి ఉందనుకోండి. దారి పొడుగునా గాజుల దుకాణాలు. జనమంతా ఒకేసారి ఒక చివర నుండి బయలుదేరారు. గాజుల మీద మక్కువ ఉన్నవారు ప్రతి దుకాణం దగ్గరా ఆగుతారు, వెనకబడతారు. మక్కువ లేనివారు ముందుకు పోతారు. వీధి చివరికి వచ్చేసరికి గుంపు విడిపోతుంది. దుకాణాలు స్థిర ప్రావస్థ, జనాన్ని ముందుకు తోసే ప్రవాహం చర ప్రావస్థ.

కాని గాజుల మీద సమానమైన మక్కువ ఉన్న ఇద్దరు ఈ వీధిలో ఎన్నటికీ విడిపోరు. ఎంత పొడుగు వీధి వేసినా సరే. వారిని విడదీయాలంటే వేరొక వీధిలోకి మళ్ళించాలి, అక్కడ మిఠాయి దుకాణాలుండాలి. అదే రెండవ దిక్కు. రెండవ వీధిలోనూ గాజులే అమ్మితే ప్రయోజనం లేదు. రెండు వీధుల రుచులు ఎంత వేరుగా ఉంటే విడదీత అంత బాగుంటుంది.

ఈ ఆలోచన రూపు దాల్చింది ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, ఉన్ని పరిశ్రమల పరిశోధన సంస్థలో. ఉన్ని అంటే ప్రోటీను. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఏ అమైనో ఆమ్లం ఎంత ఉందో తేల్చడం అక్కడి పని. 1941లో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ సిలికా జెల్ పొడిలో నీటిని నిలిపి, దాని గుండా క్లోరోఫారం నడిపించి, పదార్థాలు రెండు ద్రవాల మధ్య పంచుకోబడే తీరును బట్టి విడదీశారు. సన్నని రేణువులు, అధిక పీడనం వాడితే విడదీత ఇంకా మెరుగవుతుందని ఆ వ్యాసంలోనే సూచించారు. 1952లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

1944లో కాన్స్‌డెన్, గార్డన్, మార్టిన్ ముగ్గురూ పొడికి బదులు మామూలు వడపోత కాగితం వాడారు. కాగితపు నారలు పట్టి ఉంచిన నీరే స్థిర ప్రావస్థ. పెద్ద చదరపు కాగితం ఒక మూలన మిశ్రమపు చుక్క పెట్టారు. ఒక అంచును ద్రావణిలో ముంచితే అది కాగితం మీదుగా మెల్లగా ప్రాకుతూ చుక్కలోని పదార్థాలను ఒక గీతగా సాగదీసింది. తరువాత కాగితాన్ని ఆరబెట్టి, తొంభై డిగ్రీలు తిప్పి, వేరొక ద్రావణితో నడిపించారు. గీత కాస్తా పటంగా మారింది. నిన్‌హైడ్రిన్ చల్లి వేడిచేస్తే అమైనో ఆమ్లాలు ఊదారంగు మచ్చలుగా కనిపించాయి. రంగు లేని పదార్థాలకు ఆ విధంగా మళ్ళీ రంగు వచ్చింది.

వారు వాడిన ద్రావణులలో ముఖ్యమైనవి ఫీనాలు, కొలిడీను. ఫీనాలు ఆమ్ల స్వభావి, కొలిడీను క్షార స్వభావి. రెండింటి రుచులు వేరు. వీధుల మధ్య తేడా దుకాణాలలో లేదు. కాగితం అదే కాగితం. తేడా అంతా ద్రావణిలో ఉంది.

ఆరబెట్టడం అనే పని

పై పేరాలో ఒక మాట చదువరి కన్ను దాటిపోయి ఉంటుంది: ఆరబెట్టి. ఆనాటి రసాయనవేత్తలు కూడా దానిని ఒక సిద్ధాంతంగా చెప్పుకోలేదు. తడి కాగితాన్ని తిప్పడం కుదరదు కనుక ఆరబెట్టారు. కాని రెండవ దిక్కు పనిచేయడానికి మూలం అక్కడే ఉంది. మొదటి ద్రావణి తన పని చేసి గాలిలో కలిసిపోయింది. పదార్థాలు ఒంటరిగా మిగిలాయి. రెండవ ద్రావణి వచ్చేసరికి మొదటిదాని జ్ఞాపకం వాటికి లేదు. ఈ సంగతి విలువ ముప్పై ఏళ్ళ తరువాత గాని తెలిసిరాలేదు. ఆ కథకు ముందు ఉష్ణోగ్రత గురించి కొంత చెప్పాలి.

కాగితం మీద ప్రతి పదార్థం నడిచిన దూరాన్ని ద్రావణి నడిచిన దూరంతో భాగించి ఒక సంఖ్యగా చెప్పే అలవాటు ఆ 1944 వ్యాసంతోనే వచ్చింది. దానికి ఆర్.ఎఫ్. విలువ అని పేరు. ఆ సంఖ్య స్థిరంగా ఉంటేనే మచ్చను చూసి పదార్థం పేరు చెప్పగలం. కాని ఉష్ణోగ్రత మారితే అది జరిగిపోతుంది. నీటితో సంతృప్తం చేసిన ఫీనాలునే తీసుకోండి. ఫీనాలు ఎంత నీటిని తనలో ఇముడ్చుకోగలదన్నది ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటుంది. వేడి పెరిగితే ఎక్కువ నీరు ఇముడుతుంది. సుమారు 66 డిగ్రీల సెల్సియస్ దాటితే రెండూ ఏ పాళ్ళలోనైనా కలిసిపోతాయి. పగటి వేడిలో సంతృప్తం చేసిన ద్రావణి రాత్రి చలికి మిగులు నీటిని కక్కుతుంది. కాగితం రాత్రంతా నడవాలి. పొద్దున చూస్తే మచ్చలు ఉండవలసిన చోట ఉండవు. అందుకే కాగితాలను మూత వేసిన పెట్టెలలో, ఉష్ణోగ్రత మారని గదులలో నడిపించేవారు. ఆ కాలంలో ఉష్ణోగ్రత అంటే అదుపులో పెట్టవలసిన పోకిరి, అంతే.

పటం చూపించినవి

ఇంత చేస్తే ఏమి దక్కింది? దక్కినదాన్ని బట్టే ఈ పద్ధతి విలువ కట్టాలి.

ఫ్రెడరిక్ శాంగర్ కేంబ్రిడ్జిలో ఇన్సులిన్ గొలుసులను ముక్కలు చేసి, ఆ ముక్కలను కాగితం మీద విడదీసి, 1951లో 30 అమైనో ఆమ్లాల గొలుసును, 1953లో 21 అమైనో ఆమ్లాల గొలుసును వరుసగా చదివాడు. ప్రోటీనుకు ఒక నిర్దిష్టమైన వరుస ఉంటుందని లోకానికి తెలిసింది. అదే 1953లో స్టాన్లీ మిల్లర్ ఆదిమ వాతావరణాన్ని పోలిన వాయువులలో విద్యుత్ మెరుపులు పుట్టించి, వచ్చిన ద్రవాన్ని ద్విదిశా కాగితం మీద నడిపి, గ్లైసీను, అలనీను మచ్చలను చూపించాడు. బర్క్లీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషం కార్బన్-14 కలిగిన బొగ్గుపులుసు వాయువును నాచుకు తినిపించి, క్షణాలలో దానిని చంపి, రసాన్ని ఒక దిక్కున ఫీనాలుతో, మరొక దిక్కున బ్యుటనాలు, ప్రొపియోనిక్ ఆమ్లం, నీరు కలిపిన ద్రావణితో నడిపించారు. ఆ కాగితం మీద ఎక్స్‌రే ఫిల్ము పెడితే కార్బన్-14 ఉన్న చోటల్లా నల్లని మచ్చ పడింది. నాచుకు ఇచ్చిన వ్యవధిని తగ్గిస్తూ పోతే మచ్చలూ తగ్గుతూ పోయి, చివరకు ప్రధానంగా ఒకటి మిగిలింది: ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం. ఆకు గాలి నుండి మొదట తయారుచేసుకొనేది అదేనని తేలింది. కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

వీటన్నిటికంటె నన్ను కదిలించేది వెర్నన్ ఇన్‌గ్రం చేసిన పని. కొడవలి కణ వ్యాధి ఉన్నవారి హిమోగ్లోబిన్ మామూలు హిమోగ్లోబిన్ కంటె భిన్నమని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. భేదం ఎక్కడ ఉందో మాత్రం తెలియలేదు. మొత్తం అమైనో ఆమ్లాల లెక్క కడితే రెండూ ఒకటే అనిపించేవి. 1956లో ఇన్‌గ్రం రెండు హిమోగ్లోబిన్లనూ ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, ఒక దిక్కున విద్యుత్ క్షేత్రంలో, మరొక దిక్కున ద్రావణితో నడిపించాడు. సుమారు ముప్పై మచ్చలు. రెండు పటాలూ ఒకే అచ్చు, ఒక్క మచ్చ తప్ప. 1957లో ఆ మచ్చలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీను ఉందని తేల్చాడు. సుమారు మూడు వందల అమైనో ఆమ్లాలలో ఒకటి. ఒక మనిషి జీవితకాలపు నొప్పికి కారణం ఆ ఒక్క మచ్చ.

ఆ వ్యాధి మనకు దూరపుది కాదు. ఆదిలాబాదు అడవులలో, విశాఖ మన్యంలో ఆదివాసీ కుటుంబాలు తరతరాలుగా దానిని మోస్తున్నాయి. 2023లో భారత ప్రభుత్వం దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది; అందులో వ్యాధి నిర్ధారణకు వాడే పరీక్షలలో ద్రవ వర్ణలేఖనం ఒకటి.

కాగితపు పద్ధతి మన దేశానికీ త్వరగానే వచ్చింది. ఒకప్పుడు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన కె.వి. గిరి, 1950ల మొదట్లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో వలయాకార కాగితపు వర్ణలేఖనాన్ని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు. ద్రావణి కాగితం నడుమ నుండి నలువైపులా వ్యాపిస్తే మచ్చలు చుక్కలుగా గాక సన్నని చాపాలుగా విడిపోతాయి. పెద్ద యంత్రాలు అక్కరలేని విద్య అది.

గొట్టంలోకి మారినప్పుడు

1960ల చివరి నుండి కాగితం స్థానాన్ని ఉక్కు గొట్టాలు ఆక్రమించాయి. మార్టిన్, సింజ్ ఊహించినట్టే సన్నని రేణువులు దట్టించి, పంపులతో అధిక పీడనం మీద ద్రావణిని నెట్టారు. రాత్రంతా పట్టిన పని నిమిషాలలో అయింది. వేగం వచ్చింది, కొలతలో కచ్చితత్వం వచ్చింది. పోయింది రెండవ దిక్కు. గొట్టాన్ని తొంభై డిగ్రీలు తిప్పలేము కదా.

మళ్ళీ దానిని తెచ్చే ప్రయత్నంలో 1978లో ఎర్ని, ఫ్రే ఇద్దరూ మొదటి గొట్టం నుండి వచ్చే ద్రవాన్ని వాల్వు సహాయంతో భాగాలు చేసి రెండవ గొట్టంలోకి పంపారు. వారు పరీక్షకు ఎంచుకొన్నవాటిలో సునాముఖి ఆకు రసం ఉంది. మన ఇళ్ళలో విరేచనానికి వాడే ఆకు అదే. 1984లో కాల్విన్ గిడింగ్స్ ఈ ఆలోచనకు లెక్క కట్టాడు: ఒక దిక్కున నూరు పదార్థాలకు, మరొక దిక్కున ముప్పై పదార్థాలకు చోటుంటే, రెండు దిక్కులలో కలిపి మూడు వేలకు చోటు, రుచులు నిజంగా వేరైతే. అంతకు ముందు ఏడు డేవిస్‌తో కలిసి ఆయనే మరొక చేదు నిజం చెప్పాడు. పదార్థాలు యాదృచ్ఛికంగా పరచుకొంటే, ఒకే దిక్కున నడిపినప్పుడు ఒంటరిగా నిలిచే శిఖరాలు మొత్తం చోటులో సుమారు 18 శాతానికి మించవు. తక్కినవి ఒకదాని వెనుక ఒకటి దాగుతాయి. ఒక శిఖరాన్ని చూసి ఒక పదార్థమే ఉందనుకోవడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చు. 1990లో బుషీ, జోర్గెన్‌సన్ మొదటి గొట్టం నుండి వచ్చినదంతా, ఏ భాగమూ వదలకుండా, రెండవ గొట్టంలోకి పంపి ప్రోటీనులను పటంగా చూపారు.

ఇక్కడే ఆరబెట్టడం విలువ తెలిసింది. గొట్టం నుండి గొట్టానికి పోయేటప్పుడు మొదటి ద్రావణి ఆరిపోదు. పదార్థం చెయ్యి పట్టుకొని వెంట వస్తుంది. రెండవ గొట్టంలో నూనె స్వభావపు రేణువులున్నాయనుకోండి. మొదటి గొట్టం నుండి వచ్చిన ద్రవంలో అసిటోనైట్రైల్ ఎక్కువగా ఉంటే, అది ఆ రేణువుల పట్టును సడలించేస్తుంది. పదార్థాలు ఆగవలసిన చోట ఆగక, తమ ద్రావణితో పాటు జారిపోతాయి. కొన్ని వెడల్పుగా చెదిరిపోతాయి, కొన్ని రెండు శిఖరాలుగా చీలతాయి. తిరునాళ్ళ భాషలో చెప్పాలంటే, స్నేహితుడి చెయ్యి వదలనివాడు మిఠాయి దుకాణం దగ్గర ఆగడు. రెండు ద్రవాల చిక్కదనం వేరైనా చిక్కే; పలచని ద్రవం చిక్కని ద్రవంలోకి వేళ్ళలాగ చొచ్చుకుపోయి పట్టీని చెదరగొడుతుంది.

దీనికి ఒక్కొక్కరు ఒక్కొక్క మందు వేశారు. 2001లో యేట్స్ బృందం ఈస్టు ప్రోటీనులను విడదీయడానికి మొదటి దిక్కున ఉప్పునీటి ద్రావణులను ఎంచుకొంది. ఉప్పునీరు రెండవ దిక్కున బలహీనమైన ద్రావణి. పెప్టైడులు చక్కగా ఆగాయి. ఆ విధంగా 1,484 ప్రోటీనులను గుర్తించారు. నిమ్మతోటల సిసిలీలో, మెస్సీనా విశ్వవిద్యాలయంలో డూగో, మొండెల్లో బృందం 2004లో మరింత సాహసం చేసింది. నిమ్మనూనె విడదీతకు మొదటి దిక్కున వాడిన సేంద్రియ ద్రావణి, రెండవ దిక్కున వాడే నీటి ద్రావణితో సరిపడేది కాదు. మొదటి గొట్టాన్ని అతి సన్ననిది చేసి, ఒక్కొక్క విడతకు వచ్చే ద్రవాన్ని కొద్ది బొట్టుకు తగ్గించి ఆ వైరాన్ని నెగ్గారు. 2017లో డ్వైట్ స్టోల్ బృందం వాల్వులోనే చిన్న మార్పు చేసి, మొదటి గొట్టపు ద్రవం రెండవ గొట్టంలోకి పోయే క్షణాలలో మాత్రం బలహీన ద్రావణి కలిసి పలచబడేటట్టు చేసింది. ఇవన్నీ వేరు వేరు ఉపాయాలుగా కనిపిస్తాయి గాని అన్నిటి లక్ష్యం ఒకటే: కాగితం ఊరికే చేసిపెట్టిన పనిని మళ్ళీ చేయడం.

పోకిరి పనివాడైన తీరు

మరొక ఇబ్బంది కాలానిది. మొదటి గొట్టం నుండి ఒక శిఖరం బయటకు వచ్చేలోపల దానిని మూడు నాలుగు భాగాలుగానైనా తీసుకోకపోతే అక్కడ విడిపోయినవి మళ్ళీ కలిసిపోతాయని 1998లో మర్ఫీ, షూర్, ఫోలీ చూపారు. అంటే మొదటి దిక్కున నెమ్మదిగా నడుస్తుండగా, రెండవ దిక్కున ప్రతి పరుగు క్షణాలలో ముగియాలి. వేగంగా నెట్టితే పీడనం పెరిగి పంపు భరించదు.

ఇక్కడ ఉష్ణోగ్రత అక్కరకు వచ్చింది. నీటి స్నిగ్ధత 25 డిగ్రీల దగ్గర ఎంత ఉంటుందో 100 డిగ్రీల దగ్గర అందులో మూడవ వంతుకు పడిపోతుంది. అదే పీడనంతో మూడింతల వేగంగా నెట్టవచ్చు. పైగా వేడిలో అణువులు చురుకుగా కదలి, వేగం పెరిగినా పట్టీలు అంతగా చెదరవు. 2005లో మినెసోటా విశ్వవిద్యాలయంలో స్టోల్, పీటర్ కార్ రెండవ గొట్టాన్ని నూరు డిగ్రీల దాకా వేడిచేసి, ఒక్కొక్క పరుగును ఇరవై క్షణాల ప్రాంతానికి దించారు. అంత వేడి నీటికి మామూలు సిలికా రేణువులు కరిగిపోతాయి కనుక జిర్కోనియా రేణువులను ఆశ్రయించారు. పదార్థం వేడికి చెడిపోదా అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆ వేడిలో అది గడిపే కాలం క్షణాలే కావడం కొంత రక్ష. ద్రావణిని ముందే వేడిచేయకుండా పంపితే గొట్టం నడుమ చల్లగా, గోడ వెంట వేడిగా ఉండి శిఖరాలు వికృతమవుతాయి. కనుక పోకిరిని పనివాడుగా మార్చుకొన్నా మీద కన్ను వేసి ఉంచవలసినదే.

మిల్లర్ ప్రయోగానికి ఒక ఉత్తరకథ ఉంది. ఆయన 1950లలో చేసి దాచిపెట్టిన కొన్ని ప్రయోగాల సీసాలలో మిగిలిన పదార్థాన్ని, ఆయన మరణానంతరం, 2008లో శిష్యులు కొత్త పరికరాలతో పరీక్షించారు. ఒక అమరికలో తయారైనదానిలో 22 అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. అవి ఆ సీసాలలో అర్ధ శతాబ్దంగా ఉన్నాయి. చూసే పద్ధతికి అంతవరకు అందలేదు, అంతే.

ఈ చరిత్రలో నాకు కనిపించే సారం అదే. ఒక దిక్కున విడిపోనివి ఒకటే అని తీర్మానించడం తేలిక. మామూలు హిమోగ్లోబిన్, కొడవలి హిమోగ్లోబిన్ ఒకటే అని లెక్కలు చెప్పాయి. రెండవ దిక్కు కాదంది. అయితే రెండవ దిక్కున నడిచేటప్పుడు మొదటిదాని తడి ఎంతో కొంత వెంట వస్తుంది. దానిని ఆరబెట్టుకోవాలి, లేదా పలచబరచుకోవాలి. ఆ పని చేయకుండా తిప్పిన కాగితం మీద పడేది మొదటి గీతే, కాకపోతే కొంచెం చెదిరి ఉంటుంది.